రక్షిత కట్టడం సిప్పోరమ్మ

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ టీవీ గొంతు కాస్త నొక్కండి. కాళ్ళు చాపుకున్నా పరవాలేదు గానీ ఆవలింతలు ఇప్పుడే తీర్చేసుకోండి, నడిమధ్యలో ఎవరైనా ఆవలిస్తే నాకు తోవ తప్పుతుంది. ఇది తూర్పురేవు పట్నంలో ఒక మనిషిని తీసుకెళ్ళి గోడల పద్దులో జమకట్టిన కథ.

తూర్పురేవులో చేపల బజారు వెనకాల యూదుల వీధి అని ఒకటుంది. ఎప్పుడో ఓడలెక్కి వచ్చి నీలిమందూ అద్దకం బట్టలూ బేరం చేసిన కుటుంబాలు అక్కడ కాపురాలు పెట్టాయి. వాళ్ళ పిల్లలు తెలుగులో ఏడ్చారు, తెలుగులో పోట్లాడుకున్నారు, దేవుడితో మాత్రం హీబ్రూలో మాట్లాడారు. తర్వాత ఓడలు రావడం మానేశాయి. కొందరు కొచ్చికి పోయారు, కొందరు బొంబాయికి, మిగతావాళ్ళు సముద్రం దాటి వాళ్ళ దేశం అనుకున్న దేశానికి. సిప్పోరమ్మ ఒక్కతే ఉండిపోయింది. ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే, "అక్కడ పనసపొట్టు కూర దొరకదట" అనేది.

ఆవిడకు ఉన్న పట్టింపు ఒక్కటే. శుక్రవారం పొద్దు వాలేవేళకు రెండు దీపాలు వెలిగించాలి, చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవాలి. దాన్ని సబ్బాతు అంటారు వాళ్ళు. అప్పటినుంచి శనివారం సాయంత్రం చుక్కలు పొడిచేదాకా నిప్పు ముట్టదు, పని ముట్టదు. శనివారం కాఫీకి పక్కింటి పైడితల్లి వచ్చి స్టవ్వు వెలిగించి పెట్టేది. పైడితల్లి ఎండుచేపల వ్యాపారం చేసే మనిషి. గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది, మనసు మాత్రం వెన్న.

ఆ ఏడు సిప్పోరమ్మ కళ్ళకు మసకలు కమ్మాయి. రెండు దీపాలు వెలిగిస్తే ఆరు కనిపించసాగాయి.

"ఎక్కువ కనబడితే మంచిదే కదండీ మామ్మగారూ. నూనె ఖర్చు లేకుండా ఇల్లంతా దీపాలేనండి" అంది పైడితల్లి.

"నవ్వులాటగా ఉందటే నీకు? దేవుడికి రెండు పెట్టానో, ఆరు పెట్టానో నాకు తెలియొద్దూ?"

ఒక శుక్రవారం ఆ ఆరింటిలో నిజానికి లేని ఒక దీపాన్ని వెలిగించబోయి చీర చెంగు అంటించుకుంది. పైడితల్లి చేపలు కడిగిన నీళ్ళు కుమ్మరించి ఆర్పింది. మర్నాడంతా ఆవిడ ఆ వాసనతోనే సబ్బాతు గడిపింది. ఆదివారం డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చూసి, "రెండు కళ్ళకూ శుక్లాలమ్మా. బాగా ముదిరిపోయాయి. కార్తీకమాసంలో బోర్డు స్కూల్లో కంటి శిబిరం పెడుతున్నాం, అప్పుడు వచ్చెయ్. అది దాటితే మాత్రం చూపు వస్తుందని మాట ఇవ్వలేను" అన్నాడు.

గుర్తుపెట్టుకోండర్రా, ఆవిడ కోరిక అంతే. రెండు దీపాలు రెండుగా కనబడాలి.

సరిగ్గా అప్పుడే తూర్పురేవుకు వారసత్వం జ్వరం తగిలింది. పాత తలుపు కనిపిస్తే చాలు, దాని ముందు నిలబడి ఫోటో. విరిగిన రుబ్బురోలు కనిపిస్తే చుట్టూ పూలకుండీలు. దానికో ఆఫీసు కూడా పెట్టారు, నగర వారసత్వ వైభవ పరిరక్షణ సంస్థ. దానికి డైరెక్టరు మార్తాండరావు గారు. ఆయన మామూలుగా మాట్లాడరు. దాహం వేసినా "జలసేవనం ఆవశ్యకమగుచున్నది" అనే రకం.

ఆయన యూదుల వీధిలో 'వారసత్వ నడక' పెట్టాలని నిశ్చయించారు. టోపీలు కొన్నారు, గొడుగులు కొన్నారు, పుస్తకాలు అచ్చువేశారు. అన్నీ అయ్యాక చూపించడానికి ఏముందో చూద్దామని వచ్చారు. ప్రార్థనమందిరం పాత తుపానులో పోయింది, ఆ జాగాలో రొయ్యల కోల్డ్ స్టోరేజీ లేచింది. సమాధుల తోట మునిసిపాలిటీ వారి పార్కయింది, పిల్లలు జారుడుబల్ల మీద నుంచి జారుతున్నారు. ఇళ్ళన్నీ కొత్త శ్లాబులు వేసుకున్నాయి. చివరికి సిప్పోరమ్మ ఇల్లు కూడా రేకుల కప్పే. డైరెక్టరు గారు నుదురు తుడుచుకుంటూ ఆవిడ అరుగు మీద కూలబడ్డారు. ఆవిడ మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగుతూ తాగుతూ ఆవిడ వంక తేరిపార చూసి, గ్లాసు కింద పెట్టేశారు.

"అమ్మా, తమ వయసు?"

"డెబ్బై ఎనిమిదో తొమ్మిదో బాబూ."

"ఈ స్థలమునకు ఎప్పుడు వచ్చితిరి?"

"రావడమేమిటి నాయనా, ఇదిగో, ఈ గదిలోనే పుట్టాను."

"దంతములు?"

"నావే."

"మోకాలి చిప్పలు మార్పించుట వగైరా?"

"ఆ కర్మ ఇంకా పట్టలేదు."

డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. లేచి నిలబడి, వెంట వచ్చినవాళ్ళతో ప్రకటించారు. "నిబంధన ఎనిమిది ప్రకారం డెబ్బై అయిదేళ్ళు పైబడి, మూలస్థానమునందే నిలిచి, మూలపదార్థముతోనే కూడి, ఆధునిక మార్పులకు లోనుగానిది ఏదైనను రక్షిత కట్టడమే. కట్టడమునకు ఇటుకలు ఉండవలెనని నిబంధనలో ఎక్కడనూ లేదు."

వారం తిరక్కుండా ఆవిడ అరుగు మీద ఒక కుర్చీ వేశారు. కుర్చీ చుట్టూ తాడు కట్టారు. తాడుకు నీలం రంగు బోర్డు తగిలించారు. 'సిప్పోరమ్మ. ప్రథమశ్రేణి రక్షిత కట్టడం. తాకరాదు, పేర్లు చెక్కరాదు, ఆనుకుని కూర్చోరాదు.'

నడక నడిపించడానికి జోగినాథాన్ని పెట్టారు. అతగాడు బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. మెళ్ళో విజిల్ ఇంకా తియ్యలేదు. పదిమంది పోగవనిదే నడక కదిలేది కాదు, కదిలితే మధ్యలో ఆగేది కాదు.

"ముందుకు జరగండి, ముందుకు జరగండి! లోపల ఖాళీ ఉంది! ఎడమ చేతి వైపు చూడండి. ఇది తూర్పు ముఖంగా ఉన్న కట్టడమండి. పైభాగం తెల్లబడింది, పునాది కాస్త వంగింది. అయినా చెక్కుచెదరలేదండి."

"ఇప్పటికీ పనిచేస్తోందా?" అని అడిగింది నల్లకళ్ళద్దాల ఆవిడ ఒకరు.

"పనిచేస్తోందండి. ఇందాకే ఉప్మా తింది."

మొదట్లో సిప్పోరమ్మకు సరదాగానే ఉండేది. ఇన్నేళ్ళుగా గోడలతో చెప్పుకున్న కబుర్లకు వినేవాళ్ళు దొరికారు. గుమ్మానికి బిగించిన చిన్న గొట్టం చూపించేది, అందులో ప్రార్థన రాసిన తోలుచుట్ట ఉంటుందని చెప్పేది. ఒకరోజు మాటల్లో మాటగా తన పేరు కథ ఎత్తుకుంది.

"నా అసలు పేరు మిల్కా. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టేశాను. మా వాళ్ళలో ఒక ఆచారం ఉందమ్మా. రోగం ముదిరితే మనిషికి పేరు మార్చేస్తారు. పైనుంచి తాఖీదు పేరు మీద వస్తుంది కదా! మా నాయనమ్మ పదిమందిని పిలిచి, ప్రార్థన చదివించి, నాకు సిప్పోరా అని పెట్టింది. ఆ రాత్రి చావు దూత గుమ్మంలోకి వచ్చి, 'మిల్కా ఉందా?' అన్నాడట. 'ఆ పేరు గలవాళ్ళు ఈ ఇంట్లో లేరు నాయనా' అందట మా నాయనమ్మ. వాడు కాగితం తిరగేసి చూసుకుని, తప్పు చిరునామా అనుకుని వెళ్ళిపోయాడు."

జనం చప్పట్లు కొట్టారు. జోగినాథానికి ఒళ్ళు మండింది. విజిల్ ఊదాడు.

"కట్టడాలు మాట్లాడకూడదండీ మామ్మగారూ! మీరే అన్నీ చెప్పేస్తే ఇక గైడు దేనికండి? రైట్, రైట్, పదండి!"

ఆ మర్నాడే ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. కట్టడము తన చరిత్రను తానే వివరించుట క్రమశిక్షణారాహిత్యమని. ఆ వెనకే ఇంకొకటి వచ్చింది. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల పొగ, మంట, తవ్వకం, మేకు దిగ్గొట్టడం నిషిద్ధం. పైడితల్లి పొయ్యి ఆరిపోయింది. సిప్పోరమ్మ శుక్రవారం దీపాలు తలుపు మూసుకుని దొంగచాటుగా వెలిగించుకునేది. వానకు కారుతున్న ఆమె ఇంటికప్పు మీద తాటాకు కప్పబోతే జోగినాథం విజిల్ ఊదాడు. శనివారం మామ్మగారి కాఫీ కోసం బజారు అవతల తమ్ముడింటికి పోయి, కాచి, ఫ్లాస్కులో పట్టుకొచ్చేది.

"ఏటండీ ఇది? మీరు పాతబడితే నా పొయ్యి ఆర్పుకోవాలాండి?" అని లబోదిబోమంది.

"నేనేం చెయ్యనే! వయసు తగ్గించుకుందామంటే అదీ నిషిద్ధమేనట."

కార్తీకమాసం వచ్చింది. స్కూల్లో శిబిరం తెరిచారు. పైడితల్లి ఆటో పిలిచింది. ఆటోవాడు బోర్డు చదివి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"నా వల్ల కాదమ్మా. మొన్న ఎక్కడో విగ్రహాలు మోసినోడిని లోపలేశారంట. ఈవిడ్ని ఎక్కించుకుంటే పురాతన వస్తువుల దొంగతనం కింద రాస్తారు. నాకు పిల్లలున్నారు."

దాంతో ఇద్దరూ కలిసి డైరెక్టరు గారికి కబురు పంపారు. ఆయనే దయచేశారు. ఆయన గొంతు వినబడిన దిక్కుకు తిరిగి సిప్పోరమ్మ చేతులు జోడించింది.

"బాబూ, నాకు శుక్లాలు. ఆపరేషన్ చేయించుకోవాలి. వెళ్ళి రానివ్వండి."

"అమ్మా, కట్టడమును మూలస్థానము నుండి కదల్చుట అసంభవము."

"నాకు కళ్ళు కనబడటం లేదు బాబూ!"

ఆయన ఫైలు తెరిచి పేజీలు తిప్పారు. "తమ వర్ణనలో ఇట్లున్నది: 'కిటికీలు రెండు, మసకగా ఉన్నవి.' నమోదు చేసిన నాటికే మసక. కావున మసకయే తమ మూలస్వరూపము. దానిని తొలగించినచో ప్రామాణికత దెబ్బతినును."

"ఎదురుగా నిలబడి చెబుతున్నాను కదా నాయనా, నా కళ్ళు..."

"అమ్మా," అన్నారాయన ఎంతో ఓపికగా, "ఫైలులో ఉన్నదే లోకములో ఉన్నట్లు. ఫైలులో లేనిది నా ఎదుట నిలిచినను లేనట్లే. పరిపాలన అనునది ఈ ఒక్క సూత్రము మీద నడచుచున్నది."

అయినా ఆయనదీ జాలిగుండే. మరమ్మతుకు వీలుందేమో చూడమని ఇంజనీర్ల సంఘం వేశారు. మరమ్మతు చేయవచ్చు, అయితే మూలకాలపు పదార్థంతోనే చెయ్యాలని, డాక్టర్లు కంట్లో పెట్టే ప్లాస్టిక్ అద్దం పనికిరాదని సంఘం తేల్చింది. టెండరు పిలిచారు. కోట గోడకు పూత పూసిన కాంట్రాక్టరు వెంకటేశు తక్కువకు పాడి పని దక్కించుకున్నాడు. ఒకనాడు పొద్దున్నే టేపు పట్టుకుని దిగి, సిప్పోరమ్మ కంటికి అడ్డంగా నిలువుగా కొలత తీశాడు.

"మీరు ఏం కంగారు పడకండి మామ్మగారూ. గానుగ సున్నం, బెల్లం నీళ్ళు, కరక్కాయ పొడి. ఓ పూత పూసి తడి గోనె కప్పామంటే నూరేళ్ళు చెక్కుచెదరదు."

"కనబడుతుందా?"

"కనబడటం నా కాంట్రాక్టులో లేదండి. బయటినుంచి చూసేవాళ్ళకు మాత్రం అందంగా ఉంటుంది."

పైడితల్లి చీపురు తిరగేసి వెంటపడింది. వెంకటేశు టేపు వదిలేసి పరుగెత్తాడు. కానీ, సున్నం సోమవారం నానబెడతామని ఉత్తర్వు ఉంది. శిబిరం ఆదివారంతో ఆఖరు.

ఆ గురువారం సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. సిప్పోరమ్మ తనలో తాను అనుకున్నట్టుగా అంది.

"ఫైల్లో ఉన్నదే లోకంలో ఉన్నట్టట. చావు దూత కూడా సరిగ్గా అలాగే అనుకున్నాడు కదే పైడీ."

పైడితల్లి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే నవ్వయింది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే నడక వచ్చింది. జోగినాథం తలలు లెక్కపెట్టి, "పది! రైట్!" అన్నాడు. ఆ మాట సిప్పోరమ్మ చెవిన పడింది. పేరు మార్చే ప్రార్థనకు కావాల్సింది కూడా పదిమందే. తమవాళ్ళే పదిమంది ఉండాలి, ఆవిడకు తెలుసు. "తూర్పురేవులో నేనొక్కదాన్నే మిగిలానని నీకు తెలియనిదా తండ్రీ, ఈసారికి సర్దుకో" అనుకుని తాడు పట్టుకుని లేచి నిలబడింది. చేతిలో ప్రార్థన పుస్తకం ఉంది గానీ చూసేదేముంది, కళ్ళు మూసుకుని కంఠోపాఠంగా చదివింది. ఆ భాష ఎవరికీ తెలియదు. అయినా నల్లకళ్ళద్దాలు తీసేశారు, ఫోన్లు దించేశారు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు కిందికి దింపారు. చివర ఆవిడ ఆగితే, ఎవరు మొదలుపెట్టారో గానీ, పదిమందీ "ఆమెన్" అన్నారు. తర్వాత ఆవిడ పైడితల్లి చెవిలో ఒక పేరు చెప్పింది. పైడితల్లి అందరికీ వినబడేలా ఆ పేరు పెట్టి పిలిచింది. ఆవిడ "ఓయ్" అంది. అయిపోయింది.

ఆదివారం పొద్దున్న చేతిసంచీ పట్టుకుని తాడు దాటింది. జోగినాథం అడ్డం నిలబడ్డాడు.

"కట్టడం బయటికి వెళ్ళకూడదండి."

"ఏ కట్టడం?"

"సిప్పోరమ్మగారు."

"నేను కాదు."

జోగినాథం బోర్డు చూశాడు, ఆవిణ్ణి చూశాడు. మొన్న శుక్రవారం "ఆమెన్" అన్నవాళ్ళలో అతనూ ఉన్నాడు. జీవితమంతా బస్సులో చేసిన పని చెయ్యి చాచి అడగడం. ఇప్పుడూ అదే చేశాడు.

"అయితే మీరు సందర్శకులన్నమాట. టికెట్టేదండి? లేదూ? టికెట్టు లేనివాళ్ళు ఇక్కడ ఉండకూడదండి. దిగిపోండి, దిగిపోండి!" అని వీధిలోకి తిరిగి విజిల్ ఊది ఆటో ఆపాడు. "స్కూలు దగ్గర దింపరా. జాగ్రత్తగా తీసుకెళ్ళు, మామూలు పాసింజరే."

శిబిరంలో పేరడిగారు. కొత్త పేరు చెప్పింది. చీటీ మీద అదే రాశారు. ఆ రోజు ఒక కన్ను, కొన్నాళ్ళకు డాక్టరు తన ఆసుపత్రిలోనే రెండో కన్ను చేసి పంపాడు. అన్నాళ్ళూ ఆవిడ పైడితల్లి తమ్ముడింట్లోనే ఉంది. జోగినాథం మాత్రం "కట్టడం మరమ్మతులో ఉంది, చూపు లేదు" అని నడకను వీధి మొదట్లోనే తిప్పేసేవాడు. ఇంటికొచ్చి ఆవిడ నల్లద్దాలు తీసిన రోజునే రాజధాని నుంచి పరిశీలక బృందం దిగింది. ముందు మార్తాండరావు గారు, వెనక దండలు, ఆ వెనక వెంకటేశు సున్నం తట్ట. చూస్తే కుర్చీ ఖాళీ. పైడితల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"సిప్పోరమ్మ అను కట్టడము ఎచ్చట?"

"ఆ పేరు గలోళ్ళు ఈ ఇంట్లో లేరండి. ఆయ్."

"లేకపోవుటేమి! లోపల బియ్యము ఏరుచున్నది ఎవరు?"

పైడితల్లి కొత్త పేరు చెప్పింది. డైరెక్టరు గారు ఫైలు తిరగేశారు. ఆ పేరు ఎక్కడా లేదు. లోపలికి తొంగిచూసి కేకవేశారు. "ఆనవాళ్ళు సరిపోవుచున్నవి! అదే తెల్లని పైభాగము, అదే వంగిన పునాది!"

"కిటికీలు చూసుకోండి సార్," అన్నాడు జోగినాథం వినయంగా. "ఫైల్లో మసక అని ఉందండి. ఈవిడవి తళతళలాడుతున్నాయి."

పరిశీలకుల్లో పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఫైలు చదివాడు, ఆవిణ్ణి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. "పేరు సరిపోలేదు. వర్ణన సరిపోలేదు. ఇది ఆ కట్టడము కాజాలదు."

డైరెక్టరు గారికి చెమటలు పట్టాయి. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, ఆవిడ ఎదుట నిలబడి, మొదటిసారి మనుషుల భాషలో మాట్లాడారు.

"అమ్మా, నా ఉద్యోగం పోతుంది. నన్ను ఎరగవా? నేనమ్మా, మార్తాండరావుని."

ఆవిడ చేటలోంచి తలెత్తి, కొత్త కళ్ళతో ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అబద్ధం ఆడే అలవాటు ఆవిడకు లేదు.

"లేదు బాబూ. మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదు."

ఆయన ఫైలు మూసుకుని, తప్పు చిరునామాకు వచ్చినవాడిలా గుమ్మం దిగారు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు పడింది. ప్రథమశ్రేణి కట్టడం కనబడుట లేదు, రెండు కిటికీలు, రెండూ మసక. ఉద్యోగం పోలేదులెండి. ఇంత పెద్ద కట్టడాన్ని పోగొట్టగలిగిన ఆఫీసుకు ఇంకా పెద్ద డైరెక్టరు కావాలని ఆయనకు ప్రమోషన్ ఇచ్చారు.

కట్టడం లేదు గనక వంద మీటర్లూ లేవు. పైడితల్లి పొయ్యి వెలిగింది, కప్పు మీద కొత్త తాటాకు ఎక్కింది. నడక మాత్రం ఆగలేదు. జోగినాథం ఖాళీ కుర్చీ చూపించి, "ఒకప్పుడు ఇక్కడ మహత్తరమైన కట్టడం ఉండేదండి" అంటాడు. జనం మునుపటికంటే ఎక్కువ వస్తున్నారు, కుర్చీని చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు. గుంపులో వెనకాల ఒక ముసలావిడ టికెట్టు కొనుక్కుని నిలబడి, జోగినాథం తప్పు చెప్పినచోటల్లా సరిదిద్దుతుంది. టికెట్టు కొన్నవాళ్ళు మాట్లాడవచ్చు కదా, అతను విజిల్ ఊదడు.

నల్లద్దాలు తీసిన ఆ వారమే, శుక్రవారం పొద్దు వాలేవేళకు ఆవిడ దీపాలు వెలిగించి, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసి, చేతులు తీసింది.

"ఎన్నండీ?" అంది గుమ్మంలోంచి పైడితల్లి.

"రెండు" అంది ఆవిడ. అని, మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది.

అదర్రా సంగతి. మర్చిపోకండి. మీ పిల్లలకు చెప్పండి, వాళ్ళు నిద్రపోతుంటే లేపైనా చెప్పండి. కొత్త పేరేమిటని మాత్రం అడగకండి. నాకు తెలుసు, చెప్పను. మీరు చెప్పేటప్పుడు కూడా సిప్పోరమ్మ అనే చెప్పండి. రేపెప్పుడైనా ఎవరైనా ఫైలు చంకన పెట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చి ఆవిడ ఎక్కడుందంటే, ముందు మంచినీళ్ళివ్వండి. ఇచ్చి, ఏ పేరు కావాలో అడగండి. ఏ పేరు చెప్పినా సరే, ఆ పేరు గలవాళ్ళు ఈ ఇంట్లో లేరనండి.